బంపర్ నల్లబడేలోగా

పదికి ఐదు నిమిషాలు తక్కువ. పదకొండుకల్లా కారు గేటు దాటాలి, అంటే నా చేతిలో గంటా ఐదు నిమిషాలుంది, ఈ గంటలో ముందు బంపరూ వెనక బంపరూ, నాలుగు తలుపుల పొడుగునా పోయే ప్లాస్టిక్ పట్టీలూ, రెండు పక్కద్దాల డొప్పలూ మళ్ళీ నల్లగా కావాలి, డ్రైవర్ పక్క సీటు తలుపుకి పాత రబ్బరు పీకి కొత్తది ఎక్కించాలి, ఎక్కించాక ఆ తలుపు మునుపు ఎలా పడేదో అలాగే పడాలి, ఇదంతా అయ్యాక మా అక్క బయటికొచ్చి చూసి ఇది నా కారే అనాలి. అనకపోతే ఎక్కదు. ఎక్కకపోతే ఆస్పత్రికి రాదు. రాకపోతే ఏమవుతుందో డయాలసిస్ దగ్గరుండే నర్సు నిన్న సాయంత్రం ఫోన్లో చెప్పింది, మర్యాదగానే చెప్పింది, రెండుసార్లు తప్పించారు, ఈ గురువారానికి పది రోజులవుతుంది, ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇక మా చేతుల్లో ఉండదండీ, రేపు పదకొండున్నర దాకా మంచం ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతాను అని. నేను సరేనమ్మా సరేనమ్మా అంటూ తలూపాను, ఫోన్లో తలూపితే ఎవరికి కనబడుతుంది. పొద్దున అక్క కాలిని నా వేలితో నొక్కి చూశాను, పడిన సొట్ట పైకి రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టబోయి, పది దాటాక లెక్కపెట్టలేక లేచి వచ్చేశాను.

ఇదంతా నా నిర్వాకమే. ఇంకెవరినైనా తిట్టుకునే వీలుంటే ఎంత హాయిగా ఉండేదో. నాది ఫ్రిజ్‌లు బాగుచేసే పని, ముప్ఫై ఏళ్ళుగా అదే పని, ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైతే ఏం చెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను, వేడి గాలి కొట్టాలి, మెత్తబడ్డాక వేళ్ళతో లాగి ఆకారం తేవాలి, వాజలైన్ దట్టంగా పూయాలి, తలుపు మూసి వదిలెయ్యాలి, పొద్దున్నకి అతుక్కుపోయినట్టు పడుతుంది. పాత ఫ్రిజ్ ప్లాస్టిక్ పచ్చబడితే దానికో క్రీము ఉంది, పూసి, పైన పల్చటి కవరు చుట్టి ఎండలో పెడితే సాయంత్రానికి మల్లెపువ్వులా తెల్లబడుతుంది. పోయినవారం బుధవారం మధ్యాహ్నం నాకు చేతిలో పని లేదు, పని లేకపోవడమే కొంప ముంచింది. అక్కది ఆర్నెల్లుగా ఒకటే మాట, కారెక్కిన ప్రతిసారీ, తలుపు రబ్బరు పోయిందిరా, గాలి కూస్తోంది, చూడు అని. పొద్దున తిన్నది గుర్తుండదు, ఏ సంవత్సరమో తెలీదు, ఒకరోజు నన్ను తమ్ముడంటుంది, ఒకరోజు కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషినంటుంది, రబ్బరు సంగతి మాత్రం మర్చిపోదు. సరే, రేపు ఎక్కేసరికి గాలి కూత వినబడకూడదు అనుకున్నాను. ఆరిందాలా వేడి గాలి కొట్టాను, లాగాను, వాజలైన్ డబ్బా మొత్తం పట్టించాను. అక్కడితో ఊరుకున్నానా, చెయ్యి ఊరుకోక, కారు చుట్టూ వెలిసి దుమ్ముకొట్టుకున్నట్టున్న నల్ల ప్లాస్టిక్ చూసి దీని పనీ పడదాం అని ఆ క్రీము పూసి కవర్లు చుట్టాను. ప్లాస్టిక్ అంటే తెల్లగా ఉండాలి, నా బుర్రలో అంతే ఉంది. సాయంత్రం కవర్లు విప్పితే కారుకి బూడిద పూసినట్టుంది, అక్కడక్కడా బొల్లి మచ్చలు. పొద్దున్నకి రబ్బరు ఉబ్బి, నీళ్ళలో నానిన వేలులా మెత్తబడి, గాడిలోంచి బయటికి వేలాడింది. కారు రబ్బరు వేరే రకమనీ వాజలైన్ దానికి పడదనీ నాకు తెలీదు. అడిగితే ఎవరైనా చెప్పేవాళ్ళు, నేను అడగలేదు.

సబ్బునీళ్ళు అయిపోయాయి, ఇప్పుడు స్పిరిట్. గుడ్డ మీద పోసి రుద్దుతుంటే గుడ్డకి తెల్లటి పొడి అంటుకుంటోంది, ఇంకా వస్తూనే ఉంది, ఎంత తిన్నది ఆ క్రీము. గరుకు పోయేదాకా రుద్దాలి, జిడ్డు మిగిలితే నలుపు పట్టదు అని స్పేర్ పార్టుల కొట్టతను మరీ మరీ చెప్పాడు. మూలల్లో పళ్ళు తోముకునే బ్రష్షు, అది నాదే, ఇంకోటి కొనుక్కోవచ్చు. ఈ బంపర్ మూల, ఇక్కడ గీత ఉంది చూడు, ఇది ఒక పెద్దావిడ పెట్టింది, డెబ్భై ఏళ్ళకి డ్రైవింగ్ నేర్చుకోవడానికొచ్చింది, మొగుడు పోయాక ఆయన కారు ఇంట్లో ఊరికే ఉంది అని. అక్క డ్రైవింగ్ స్కూల్లో అలాంటివాళ్ళు ఎంతమంది, ఇరవై ఎనిమిదేళ్ళు, ఆడవాళ్ళకి మాత్రమే అని బోర్డు, డ్రైవర్ పక్క సీట్లో అక్క కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు. ఎవరొచ్చినా మొదటిరోజు కారు స్టార్ట్ చెయ్యనిచ్చేది కాదు. కారు చుట్టూ తిప్పేది, టైర్లు తట్టమనేది, తలుపు తీసి వెయ్యమనేది, మళ్ళీ తీసి వెయ్యమనేది. విన్నావా అనేది. వచ్చినావిడ ఏం వినాలో తెలీక బిక్కమొహం వేసేది. ఇదీ పడిన తలుపు చప్పుడు, ఇది గుర్తు పెట్టుకో, వేరేలా వినబడిందంటే తలుపు పడలేదన్నమాట, బండి కదపకూడదు అనేది అక్క. నేను వరండాలో కూర్చుని ఎవరిదో కంప్రెసరు విప్పుతూ నవ్వుకునేవాణ్ణి, తలుపు వెయ్యడం నేర్పడానికి కూడా ఒక స్కూలా అని. ఆ చప్పుడు తప్ప అన్నీ మర్చిపోయే రోజొకటి వస్తుందని ఎవరనుకుంటారు. పది దాటి పది నిమిషాలు, ఒక పక్కే అయింది, చెయ్యి కదలాలి.

వేడి గాలి గన్ను నాకు అలవాటైనదే, గడ్డకట్టిన పైపులు కరిగించడానికి రోజూ వాడతాను, ఈ ప్లాస్టిక్‌కి మాత్రం దగ్గర పెట్టకూడదు, జానెడు దూరం, ఒకచోట ఆపకూడదు, అటూ ఇటూ ఊపుతూ ఉండాలి, అప్పుడు ప్లాస్టిక్ లోపల ఉన్న నూనె పైకొచ్చి రంగు తిరుగుతుంది. తిరుగుతోంది. అదిగో, బూడిదలోంచి నలుపు చెమట పట్టినట్టు వస్తోంది, ఎంతసేపు చూసినా నమ్మబుద్ధి కావడం లేదు, ఇంతసేపూ ఇది లోపలే ఉందా. ఒకటి రెండుసార్లే పనిచేస్తుందట, మూడోసారికి లోపల నూనె ఉండదట, ప్లాస్టిక్ పెళుసెక్కి పగిలిపోతుందట. ఒక్కసారి చాలు. నాకు ఈరోజు చాలు. పోయిన గురువారం పొద్దున అక్క మామూలుగానే బయటికొచ్చింది, సంచి భుజానికి తగిలించుకుని, నా భార్య చెయ్యి పట్టుకుని, నేను కారు తలుపు తీసి పట్టుకున్నాను. కారు వంక చూసింది. నన్ను పక్కకి జరగమని తలుపు తీసి వేసింది. ఉబ్బిన రబ్బరు మీద తలుపు మెత్తగా తగిలి వెనక్కి ఎగిరింది. మళ్ళీ వేసింది, మళ్ళీ ఎగిరింది. ఇది నా కారు కాదు అంది, గొంతు పెంచలేదు, కోపంగా కూడా అనలేదు. నేనెక్కను, నా కారు తీసుకురండి. అక్కా ఇది నీదే, నంబరు చూడు అన్నాను. నంబరు ప్లేటు ఎవరైనా మార్చుకోవచ్చు అంది. ఎంత తెలివిగా అందో, ఆ తెలివి చూసి ఒక్క క్షణం సంతోషం వేసింది కూడా, తర్వాత నిలబడ్డచోటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది, నా కారు ఎవరు తీసుకెళ్ళారు అని. నేనే అక్కా, నేనే తీసుకెళ్ళాను, అని చెప్పాలనిపించింది.

టాక్సీ పిలిచాం. టాక్సీ అతన్ని కిటికీలోంచి లైసెన్సు చూపించమంది, పాపం చూపించాడు, గడువు చూసి నీకింకా రెండు నెలలే ఉంది, రెన్యూ చేయించుకో అని లోపలికి వెళ్ళిపోయింది. సోమవారం అంబులెన్సు తెప్పించాను. ఇద్దరు మనుషులు, మంచివాళ్ళే, పెద్దమ్మా పెద్దమ్మా అంటూనే స్ట్రెచర్ మీదికి ఎత్తబోయారు, అక్క ఒకడి చెయ్యి కొరికింది, గుమ్మం పట్టుకుని వదల్లేదు, ఆయాసం ముంచుకొచ్చి పెదాలు నల్లబడ్డాయి, వాళ్ళే భయపడి దించేశారు. మత్తిచ్చి తీసుకురమ్మంటారా అని ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఆ గుండెకి వద్దన్నారు. బలవంతంగా తెచ్చినా లాభం లేదన్నారు, నాలుగు గంటలు చేతికి సూదులతో కదలకుండా పడుకోవాలి, పెనుగులాడుతూ వచ్చిన మనిషి పడుకుంటుందా, లాగేస్తుంది, ఒకసారి ఎవరో లాగేసుకుంటే ఏమైందో నర్సు చెప్పబోయి ఆపేసింది. తనంతట తను రావాలండీ అంది. నిజమే, తన కారులో వచ్చినప్పుడు అక్క ఎంత బుద్ధిగా వచ్చేది, దారంతా తన బ్రేకు మీద కాలు పెట్టుకుని, నేను సిగ్నల్ దగ్గర ఆలస్యం చేస్తే ఒక నొక్కు నొక్కి, అక్కడ మంచం ఎక్కి తనే చెయ్యి చాపి పడుకునేది. డ్రైవింగ్ చేసొచ్చిన మనిషి అలిసిపోయి పడుకున్నట్టు.

కాలిన వాసన. అయ్యో. గన్ను ఊపుతున్న చెయ్యి ఆగిపోయింది, ఆలోచనలో పడి ఎంతసేపు ఒకేచోట పట్టుకున్నానో, పక్కద్దం డొప్ప మీద బొటనవేలంత బొబ్బ. ఊదితే తగ్గుతుందా, తడిగుడ్డ పెట్టాను, ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నాను, నాకు మతి పోయింది, ప్లాస్టిక్‌ని పసిపిల్లాడిలా ఊదుతున్నాను. అది అలాగే ఉంటుంది. ఆ పక్క అక్క చూడకపోవచ్చు. చూస్తుంది, ఎందుకు చూడదు, అద్దాలు సరిచూసుకోవడం ఆమె రెండో పాఠం. ఎవరి మీదో అరవాలనుంది, ఎవరూ లేరు, పక్కింటి మేడ మీద ఎవరో దుప్పటి దులుపుతున్నారు, వాళ్ళ మీద అరిస్తే ఏం బావుంటుంది. పది ఇరవై ఐదు. పైన పూయమని కొట్టతనిచ్చిన నల్ల ద్రవం సీసా మూత రావడం లేదు, పళ్ళతో పీకాను, నాలుక మీద చేదు, ఉమ్మేశాను. స్పాంజి మీద పోసి పట్టీల మీద రుద్దుతున్నాను, చేతితొడుగు మొదటి తలుపు దగ్గరే చిరిగింది, ఇంకోటి వెతికే టైము లేదు, వేళ్ళన్నీ నల్లగా అయ్యాయి, గోళ్ళ సందుల్లోకి వెళ్ళింది, చెమట తుడుచుకుంటే మొహానికి కూడా అంటుకునే ఉంటుంది. ద్రవం ఒక తీరున లాగాలి, అడ్డదిడ్డంగా రుద్దితే చారలు పడతాయి, ఆరడానికి పావుగంట. పావుగంట ఎక్కడిది. ఆరకముందే రబ్బరు పని మొదలుపెట్టాలి.

పాత రబ్బరు లాగితే తేలిగ్గా వచ్చేసింది, పట్టు లేదు కదా, చేతిలో వానపాములా వేలాడింది. గాడి అంతా వాజలైన్, ఇది తుడవకపోతే కొత్తదాన్ని కూడా తినేస్తుంది, స్పిరిట్ గుడ్డ, మళ్ళీ, మళ్ళీ. కొట్టతను నా కథంతా విని కడుపుబ్బ నవ్వాడు, మీ ఫ్రిజ్ వాళ్ళు కార్ల జోలికి రాకండి సార్, మేం ఫ్రిజ్‌ల జోలికి రాం అన్నాడు. నేను కూడా నవ్వాను. ఆ తర్వాత ఇది ఎందుకు కావాలో చెప్పాను. అతను నవ్వు ఆపి, లోపలికి వెళ్ళి, ఆ మోడల్ రావడం మానేసి పదిహేనేళ్ళయిందండీ అంటూనే అటక మీంచి దించిన మూటల్లో వెతికి వెతికి ఇది తెచ్చి ఇచ్చాడు. కింద మధ్యలో మొదలుపెట్టండి, చివర్లు కింద కలవాలి, పైన కలిస్తే వాన నీళ్ళు దిగుతాయి, లాగకండి, లాగి ఎక్కిస్తే ఇవాళ సరిపోతుంది, రేపు ముడుచుకుని సందు పడుతుంది అన్నాడు. లాగను. నెమ్మదిగా. బొటనవేలితో నొక్కి అరచేత్తో తట్టి, ఇంకో బెత్తెడు, నొక్కి తట్టి. నాకు అమ్మ పోయినప్పుడు తొమ్మిదేళ్ళు, అక్కకి పద్దెనిమిది, బ్రెడ్డు ఫ్యాక్టరీ వ్యానుకి డ్రైవరుగా చేరింది, ఆడమనిషి వ్యాను తోలుతోందని వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూసేవాళ్ళు, అక్క హారను కొట్టి చెయ్యూపేది. నా చదువు, నా షాపు, నా పెళ్ళి అన్నీ ఆ సీట్లో కూర్చునే చేసింది. తనకీ ఒక సంబంధం వచ్చింది, ఆయన అన్నీ నచ్చాయన్నాడు, పెళ్ళయ్యాక ఈ స్టీరింగు మాత్రం వదిలెయ్యాలన్నాడు. అక్క సరే చూద్దాం పదండి అని ఆయన్ని ఇదే కార్లో ఎక్కించుకుని బస్టాండు దగ్గర దింపి వచ్చేసింది. ఆరోజు రాత్రి ఇద్దరం తెగ నవ్వుకున్నాం. నవ్వాక అక్క చాలాసేపు కారు తుడిచింది, నేను ఎవరిదో ఫ్రిజ్ మోటారు ముందు పెట్టుకుని అటే చూస్తూ కూర్చున్నాను, నువ్వు నా కోసమే వద్దన్నావా అని అడగాలనిపించింది, అడగలేదు, ఇప్పుడడిగితే ఎవరి గురించి అంటుంది.

మూల దగ్గర రబ్బరు మడత పడుతోంది. వేలు పెట్టి లోపలికి తోస్తే ఇంకోచోట లేస్తోంది. ఇటు తోస్తే అటు, అటు తోస్తే ఇటు. తల ప్రాణం తోకకొచ్చింది. పది నలభై ఎనిమిది. అంతా పీకి మళ్ళీ మొదలుపెడదామా, పెడితే పదకొండు దాటుతుంది, పెట్టకపోతే ఈ మడత మీద తలుపు పడదు, మళ్ళీ ఎగురుతుంది, మళ్ళీ అదే మాట అంటుంది, ఇది నా కారు కాదు. ఇంకో రెండు రోజులు గడిస్తే ఆ మాట అనడానికి కూడా ఊపిరి ఉండదు. నాకు ఏడుపొస్తోంది, రానీ, చేతులతో తుడుచుకోకూడదు అంతే. గన్ను తీసి, ఈసారి దూరంగా, చాలా దూరంగా, వెచ్చటి గాలి చూపించాను, రబ్బరు కాస్త మెత్తబడి లొంగింది, మూల తిరిగింది, నొక్కాను, తట్టాను, రెండు చివర్లూ కలిశాయి. సందు లేదు. లేదు, మళ్ళీ వేలితో తడిమి చూశాను, లేదు. గుడ్డతో తుడిచి, లేచి, తలుపు మెల్లగా వేశాను. పడలేదు. కొంచెం గట్టిగా వేశాను. పడలేదు. ఇంకా గట్టిగా, ఈసారి పడింది, కానీ మెత్తగా, మందంగా, దిండు మీద గుద్దినట్టు. ఆ చప్పుడు కాదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా విన్నది ఇది కాదు. తీసి మళ్ళీ వేశాను, మళ్ళీ అదే. కొత్త రబ్బరు కదా, బిర్రుగా ఉంది, ఇది అణగాలి, అణగడానికి ఎన్ని రోజులు పడుతుందో, నాకున్నవి నిమిషాలు. ఇరవైసార్లు వేశానేమో పిచ్చివాడిలా, తీసీ వేసీ, తీసీ వేసీ. పక్కింటి మేడ మీద దుప్పటి దులిపే ఆవిడ ఆగి చూస్తోంది.

"ఏవండీ, వదిన లేచారు," అంది నా భార్య గుమ్మంలోంచి. గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నిస్తోంది. "కూర్చోలేకపోతున్నారు. కూర్చుంటే ఆయాసం వస్తోందట. ఇంక ఆపలేను."

ఇంకో పది నిమిషాలు అన్నాను. పది నిమిషాలు లేవండీ అంది. పదకొండైంది. కారు వంక చూశాను. నల్లగానే ఉంది, ఆ మాట నిజం, బంపరూ పట్టీలూ ఎండలో నిగనిగలాడుతున్నాయి, వెనక బంపరు మీద ద్రవం ఇంకా ఆరలేదు, ఒకచోట చార పడింది, అద్దం డొప్ప మీద బొబ్బ, తలుపు దిండులా పడుతుంది. నా చేతనైనంత ఇదే. ఇంతకన్నా నాకు చేతకాదు. అక్క నా భార్య చెయ్యి పట్టుకుని మెట్టు దిగింది, మెట్టుకో ఊపిరి, మొహం ఉబ్బి కళ్ళు చిన్నవయ్యాయి, అయినా సంచి భుజానికే ఉంది. కారుకి నాలుగడుగుల దూరంలో ఆగింది. నేను తలుపు దగ్గరికి వెళ్ళలేదు, పిలవలేదు. అక్క కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది, ఒక చెయ్యి కారు మీద ఆనించుకుని, అడుగు, ఊపిరి, అడుగు. టైరు తట్టింది. వెనక బంపరు మీద వేలు రాసి, వేలికంటిన నలుపు చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పక్కద్దం దగ్గర వంగింది. బొబ్బ మీద వేలు పెట్టి ఉంచింది. అయిపోయింది అనుకున్నాను.

తలెత్తి నా వైపు తిరిగింది. మొహం చూడలేదు, మోచేతుల దాకా నల్లగా ఉన్న నా చేతులు చూసింది.

"షెడ్డు నించి తెచ్చింది నువ్వేనా బాబూ?" అంది. ఇది కాల్చేశావు అంది బొబ్బ చూపించి, పొరపాటైందమ్మా అన్నాను, అమ్మా అని ఎందుకొచ్చిందో నా నోటికి. తలుపు ఒకసారి తీసి వేసింది, నేను కళ్ళు మూసుకున్నాను. కొత్త రబ్బరు వేశావు కదా, నాలుగు రోజులు ఇలాగే బిర్రుగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది అంది, నాకు ధైర్యం చెబుతున్నట్టు. తర్వాత ఇంకా దగ్గరికొచ్చింది, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించింది. "నాకో తమ్ముడున్నాడు. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. వాడడిగినా సరే, ఈ కారు మాత్రం వాడి చేతికివ్వకు. ప్రేమతోనే చేస్తాడు, పాడుచేస్తాడు."

నా భార్య మొహం పక్కకి తిప్పుకుంది. అలాగేనమ్మా అన్నాను. అక్క కారుకి ఆనుకుని ఊపిరి కూడగట్టుకుంటోంది, ఎక్కే ఉద్దేశమేమీ కనిపించలేదు, కారు వచ్చింది, చూసుకుంది, ఇక లోపలికెళ్ళి పడుకుందాం అన్నట్టుంది వాలకం. పదకొండు దాటి నాలుగు నిమిషాలు. అప్పుడు చుట్టూ చూసింది, గేటు వైపు, వరండా వైపు, నా పక్కనుంచి నన్ను దాటి.

"ఇంతకీ వాడేడీ? పొద్దుట్నించీ కనబళ్ళేదు."

ఇడుగో వదినా, ఇక్కడే ఉన్నారుగా, అని నా భార్య అనబోతోంది, పెదాలు కదిలాయి. నేను వద్దని తలూపాను. ఎందుకు ఊపానో, ఏం చెప్పబోతున్నానో ఊపేటప్పుడు నాకే తెలీదు. నేనే అక్కా, చూడు, మొహం చూడు అంటే ఏమవుతుందో తెలుసు, పొద్దున అన్నాను, నిన్న అన్నాను, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసి లోపలికెళ్ళిపోతుంది. ఈ నల్ల చేతుల మనిషి మాట ఇప్పుడు వింటోంది. ఎంతసేపు వింటుందో తెలీదు.

"ఆస్పత్రిలో ఉన్నాడమ్మా," అన్నాను. "మిమ్మల్ని వెంటబెట్టుకు రమ్మని నన్ను పంపాడు."

అక్క మొహంలో ఏదో బిగిసింది, ఈ పది రోజుల్లో చూడనిది, వ్యాను తోలే రోజుల్లో చూసినది. ముందే చెప్పొద్దూ అంది. నా భార్య చెయ్యి విడిపించుకుని తనే తలుపు లాగింది, తనే కూర్చుంది, ఉబ్బిన కాళ్ళు ఒక్కొక్కటీ చేతులతో ఎత్తి లోపల పెట్టుకుంది, తలుపు విసురుగా వేసుకుంది, అది ఎలా పడిందో ఆమె వినలేదు, నేనూ వినలేదు. నేను చుట్టూ పరిగెత్తి ఎక్కాను, స్టీరింగు మీద నా వేళ్ళ ముద్రలు నల్లగా పడ్డాయి. నా భార్య వెనక ఎక్కి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గేటు దాటాం. యాభై రెండేళ్ళు తమ్ముణ్ణి, ఒక్క అబద్ధంతో ఎవరో మెకానిక్‌ని అయిపోయాను, ఆస్పత్రికెళ్ళాక మంచం దగ్గర తమ్ముడేడని అడిగితే ఏం చెప్పాలో తెలీదు, చేతులు కడుక్కుని మళ్ళీ లోపలికి రావాలేమో, కడుక్కుంటే అప్పుడు గుర్తుపడుతుందో లేదో, గుర్తుపట్టకపోయినా ఫర్వాలేదు, చెయ్యి చాపి పడుకుంటే చాలు. పడుకుంటే చాలు. సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం పడింది, ఆగాను, అక్క తన బ్రేకు మీద కాలు పెట్టలేదు, ముందుకి వంగి, డాష్‌బోర్డు పట్టుకుని, దీపం వైపే చూస్తోంది, ఊపిరికీ ఊపిరికీ మధ్య మాట ఇరికించి మాట్లాడుతోంది.

"పచ్చ పడగానే తొందరగా పోనీ బాబూ. వాడు పైకలా కనిపిస్తాడు గానీ, ఒక్కడే ఉంటే భయపడతాడు."

"అవునమ్మా," అన్నాను. "చాలా భయపడుతున్నాడు."